లాం నుంచి నాగార్జున నగర్ ఎంత దూరం?

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పరిశోధన సాగిస్తున్న విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, పాలక మండళ్ల సభ్యులకు, ఆచార్యులకు, పరిశోధక విద్యార్థులకు



మీ సంస్థల గొప్ప చెప్పేటప్పుడు రెండు అంకెలు తప్పకుండా వినిపిస్తాయి. ఈ ఏడు అచ్చయిన పరిశోధన పత్రాలు ఎన్ని, కుదుర్చుకున్న ఎంఓయూలు ఎన్ని. శాలువాలు కప్పుకుని, ఫైళ్లు చేతబట్టుకుని వరుసగా నిలబడ్డ ఫొటో మరునాడు పేపర్లో వస్తుంది. ఆ పత్రాల వల్ల ఏ పొలంలో ఏం మారింది, ఆ ఎంఓయూ పుణ్యమా అని రెండు సంస్థల శాస్త్రవేత్తలు ఒకే చేలోకి ఎన్నిసార్లు దిగారు అన్న లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. అడిగితే మీలో చాలామంది ఇచ్చే జవాబు ఒకటే: మా పని పరిశోధన, దాన్ని రైతుకు చేర్చేది వ్యవసాయ శాఖ. ఎంతో వినయంగా, అదేదో ప్రకృతి ధర్మం అన్నట్టు చెబుతారు. ఈ జవాబును నేను ఒప్పుకోలేను. అందుకే ఈ లేఖ.

చిలకలూరిపేట నుంచి నరసరావుపేట మీదుగా వినుకొండ వైపు వెళ్లండి. లేదా అద్దంకి దాటి దర్శి దారి పట్టండి. నల్లరేగడిలో ఒకే రైతు మూడెకరాలు పత్తి, రెండెకరాలు మిరప వేసి ఉంటాడు. అందులో కొంత సొంతం, కొంత కౌలు. రెండు చేలకూ ఒకటే స్ప్రేయరు, ఒకటే మందుల కొట్టు, ఒకటే అప్పు. తెల్లదోమ పత్తి ఆకు రసం పీలుస్తుంది, మిరపకు బొబ్బర తెగులు వైరస్‌ను మోసుకొస్తుంది. తామర పురుగు రెండింటి మీదా బతుకుతుంది. శనగపచ్చ పురుగు అక్కడ పత్తి కాయ తొలిచి ఇక్కడ మిరపకాయ తొలుస్తుంది. ఇదంతా మీరు తరగతి గదిలో చెప్పే పాఠమే.

మరి మీ వైపు ఏముంది? 1964లో పుట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి 2005లో పశువైద్యాన్ని విడదీశారు, 2007లో ఉద్యాన శాస్త్రాన్ని విడదీశారు. రాష్ట్రం కూడా విడిపోయాక ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్ వదిలి గుంటూరు పక్కన లాంకు వచ్చింది. పత్తి ఆ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. అదే లాంలో మిరప మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం పైవాళ్లు పశ్చిమ గోదావరిలోని వెంకటరామన్నగూడెంలో ఉంటారు. ఊళ్లోకి వస్తే వ్యవసాయ సహాయకుడు వేరు, ఉద్యాన సహాయకుడు వేరు. పత్తి చేలో అడగాల్సిన మనిషిని మిరప చేలో అడగకూడదు. ఈ విభజన మీరు చేసింది కాదు, నిజమే. శాసనసభ చేసిన చట్టాలవి. కానీ చట్టం పాలనను విడదీసింది గానీ, పురుగు గురించి పక్కవాడితో మాట్లాడవద్దని ఎక్కడా రాయలేదు కదా? ఒకే ఊరి చివర ఉంటున్న ఇద్దరు కీటక శాస్త్రవేత్తలు ఒకే రైతు రెండు చేలనూ కలిపి ఒక పరిశోధన క్షేత్రంగా తీసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? కావాలంటే, ఆ అనుమతి ఇవ్వాల్సింది ఈ లేఖ చదువుతున్న మీరే కదా?

మీరు కలిసి పనిచేయరని అనను. చేశారు. ఎప్పుడు చేశారో చెబుతాను.

2021 చివర్లో మిరప పూతలో నల్లటి సన్న పురుగులు కనిపించాయి. రైతులు మొదట మామూలు తామర పురుగే అనుకున్నారు. ఎప్పుడూ ఆకు ముడిచే పురుగు ఈసారి పూలలో గుంపులు గుంపులుగా చేరింది. పూత రాలింది, పిందె నిలవలేదు. కొట్టువాడు ఏది ఇస్తే అది కొట్టారు. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. రోజు విడిచి రోజు కొట్టారు. చివరికి నిండు చేను పీకేసినవాళ్లున్నారు, ట్రాక్టరు పెట్టి దున్నేసినవాళ్లున్నారు. ఎకరానికి పెట్టుబడి లక్షల్లో ఉండే పంట ఇది. కౌలు ముందే కట్టి ఉంటారు. అప్పుడు వచ్చారు మీరంతా. కేంద్ర సంస్థల నుంచి, రెండు విశ్వవిద్యాలయాల నుంచి బృందాలు చేలు తిరిగాయి. అది త్రిప్స్ పార్విస్పైనస్ అని, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగని తేల్చారు. నీలం రంగు జిగురు అట్టలు కట్టమన్నారు, చేను చుట్టూ జొన్న, మొక్కజొన్న వేయమన్నారు, వేపనూనె వాడమన్నారు, ఇష్టం వచ్చినట్టు మందులు కొట్టొద్దన్నారు. అన్నీ మంచి మాటలే. కాకపోతే జొన్న కంచె వేయాల్సింది నాటు వేసేటప్పుడు. మీరు చెప్పేటప్పటికి పూత రాలిపోయి ఉంది.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి వేరే ఉంది. ఆ పురుగు మన దేశంలో ఉందని 2015లోనే అచ్చులో వచ్చింది. బెంగళూరులో బొప్పాయి మీద దాన్ని గుర్తించి నమోదు చేశారు. అది బొప్పాయితో ఆగే పురుగు కాదని, రకరకాల పంటల మీద బతుకుతుందని, ఇతర దేశాల్లో మిరపను తింటున్నదని పుస్తకాల్లో ఉంది. ఆ పత్రం రాసినవారు తమ పని తాము చేశారు. వాళ్లను అనాల్సింది ఏమీ లేదు. ఆ పత్రానికీ 2021 నాటి మిరప పూతకూ మధ్య ఆరేళ్ల వ్యవధి ఉంది. ఆ ఆరేళ్లలో దేశంలోకెల్లా పెద్ద మిరప మార్కెట్ ఉన్న గుంటూరులో, ఇంతమంది కీటక శాస్త్ర ఆచార్యులు, జంతుశాస్త్ర ఆచార్యులు ఉన్న గుంటూరులో, ఇది మన మిరపకు వస్తే ఏం చేయాలి అని ఎవరు ఎవరిని అడిగారు? ఏ ఏరువాక కేంద్రంలో ఆ పురుగు బొమ్మ గోడకు అంటించారు? బెంగళూరు నుంచి గుంటూరు ఒక రాత్రి రైలు ప్రయాణం. ఒక పరిశోధన పత్రానికి మాత్రం ఆరేళ్లు చాలలేదు!

పత్రం అచ్చు కావడంతో పని అయిపోయిందనుకునే మనస్తత్వానికి రైతు కట్టిన ధర అది.

ఇది మనకు కొత్త అనుభవమైతే పోనీలే అనుకోవచ్చు. 1980ల్లో ఈ గడ్డ మీదే ఇంతకన్నా ఘోరం జరిగింది. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అప్పుడే కొత్తగా వచ్చాయి. కొట్టగానే పురుగు రాలుతుంటే మంత్రం అనుకున్నారు. పచ్చ పురుగుతో పాటు దాన్ని తినే మిత్ర పురుగులూ చచ్చాయి. తెల్లదోమకు అడ్డు లేకుండా పోయింది. ఎంసీయూ 5 లాంటి రకాల ఆకులు నల్లగా మసిపట్టాయి, దూది జిగురైంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు పురుగు మీద కొట్టాల్సిన మందు తామే తాగారు. పత్తి రైతుల ఆత్మహత్యలన్న మాట రాష్ట్రం మొదటిసారి గట్టిగా విన్నది ఇక్కడి నుంచే.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇండోనేసియాలో వరికి సుడిదోమ పట్టింది. కారణం కూడా అదే, మితిమీరిన మందులు. అక్కడి విశ్వవిద్యాలయాల కీటక శాస్త్రవేత్తలు, అంతర్జాతీయ సంస్థల నిపుణులు కలిసి ఆధారాలు తీసుకెళ్లి ప్రభుత్వం ముందు పెట్టారు. 1986లో ఆ దేశాధ్యక్షుడు వరిపై 57 రకాల పురుగుమందులను ఒక్క ఉత్తర్వుతో నిషేధించాడు. మూడేళ్లకు రైతులే చేలో కూర్చుని మిత్ర పురుగును, శత్రు పురుగును లెక్కపెట్టే బడులు మొదలయ్యాయి. మన పొలంబడి ఆ బడి బిడ్డే. అక్కడ శాస్త్రవేత్తలు మనవాళ్ల కన్నా తెలివైనవాళ్లని కాదు నేను చెప్పేది. లాంలో ఆనాటి శాస్త్రవేత్తలు తెల్లదోమను తట్టుకునే కాంచన అనే పత్తి రకాన్ని తెచ్చారు. చేతనైన పని చేశారు. కానీ తమకు తెలిసిన నిజాన్ని ఒక్క గొంతుతో, పాలకుల బల్ల మీద గుద్ది చెప్పే పని మాత్రం ఇక్కడ జరగలేదు. ఇప్పుడైనా జరుగుతున్నదా? మిరప మీద ఏ మందు పనికిరాకుండా పోయిందో, ఏ మిశ్రమం చేటు చేస్తుందో మీ ప్రయోగశాలల్లో తేలుతూనే ఉంటుంది. అన్ని విశ్వవిద్యాలయాలూ సంతకం పెట్టి, ఇదిగో ఈ మందులు ఈ సీజనులో ఈ పంటకు అమ్మనివ్వకండి అని ప్రభుత్వానికి రాసిన ఉమ్మడి లేఖ ఒక్కటి చూపించగలరా? కంపెనీవాడికి మాట్లాడే నోళ్లు ఊరికి నాలుగు ఉన్నాయి. రైతు పన్నుతో జీతం తీసుకునే మీకు ఒక్క నోరు లేకపోతే ఎలా?

మిరప యార్డుకు ఎప్పుడైనా వెళ్లి చెవి పెట్టి వినండి. టిక్కీలనే మిరప బస్తాల మధ్య కమీషన్ ఏజెంట్లు, హమాలీలు, రైతులు పొద్దుటి నుంచీ "334" అంటూ ఉంటారు. అది ఎల్‌సీఏ 334. లాం పరిశోధకుల నోటు పుస్తకంలోని వరుస సంఖ్య. శాస్త్రవేత్త పెట్టిన అంకె రైతు నోట, వ్యాపారి నోట, సేటు నోట సరుకు పేరైపోయింది. ఇంతకన్నా పెద్ద అవార్డు ఒక పరిశోధకుడికి ఏ అకాడమీ ఇవ్వగలదు? అంతకు ముందు భాగ్యలక్ష్మి అని పిలిచిన జీ4 ఉంది. ఆ రకాలను తీర్చిదిద్దినవాళ్లకు ఎన్ని ఉల్లేఖనలు వచ్చాయో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఈ తరంలో అలా ఊరి నోట నిలిచే అంకె ఏది అని మాత్రం అడుగుతాను. ఇవాళ మా వాళ్లు కొనే మిరప విత్తనంలో ఎక్కువ భాగం ప్రైవేటు హైబ్రిడ్లే. పది గ్రాముల పొట్లానికి కొట్లో ఎంత చెబితే అంత.

పత్తి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2002లో బీటీ పత్తి అనుమతి పొందింది, 2006లో రెండో తరం వచ్చింది, గులాబీ రంగు పురుగు రెండింటినీ జీర్ణించుకుంది. మధ్యలో ప్రభుత్వ రంగం తనదంటూ ఒక బీటీ పత్తిని తెచ్చింది గుర్తుందా? బికనేరి నర్మా. రైతు మళ్లీ విత్తనం దాచుకోగలిగే సూటి రకం. నాగపూర్, ధార్వాడ సంస్థలు కలిసి చేసిన పని. విడుదలైన కొద్దికాలానికే అందులో మోన్‌శాంటో జన్యువు ఉందని బయటపడి వెనక్కి తీసుకున్నారు. విచారణ సంఘం వేశారు. కలిసి పనిచేయడమంటే పత్రం మీద పేర్లు కలపడం కాదని, ఒకరి పనిని ఒకరు ముందే నిర్మొహమాటంగా పరీక్షించడమని ఆ ఉదంతం చెప్పింది. మీలో ఎంతమంది మీ విద్యార్థులకు దాన్ని పాఠంగా చెబుతున్నారు?

ఎండిన మిరపకాయ సంగతి తీసుకోండి. కోసిన కాయను కల్లంలో పోస్తారు. చాలామందికి సిమెంటు కల్లం ఉండదు, నేల మీదే పోస్తారు. మంచు, అకాల వాన, నేల తేమ కలిసి బూజు పడితే అఫ్లాటాక్సిన్. విదేశీ కొనుగోలుదారు పరీక్షలో కంటెయినర్ నిలిచిపోతే ఆ నష్టం మెట్టు మెట్టుగా దిగి రైతు ధర మీద పడుతుంది. కాయ తెల్లబడితే తాలు కింద కడతారు, సగం ధర కూడా రాదు. ఇప్పుడు ఈ ఒక్క కాయను మీరెలా పంచుకున్నారో చూడండి. కాయ చెట్టు మీద ఉన్నంత వరకు ఉద్యాన విశ్వవిద్యాలయానిది. ఆరబెట్టే యంత్రం సంగతి బాపట్లలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలది, అది వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. బూజు జీవరసాయనం నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎవరో స్కాలర్ థీసిస్. నాణ్యత పరీక్ష స్పైసెస్ బోర్డు ప్రయోగశాలది. ధర యార్డుది. అన్నదమ్ములు పంచుకున్న ఇంట్లో వంటగదికి అడ్డగోడ కట్టినట్టుంది ఇది. పొయ్యి ఒకరికి వస్తే నీళ్ల తొట్టి ఇంకొకరికి వచ్చింది. లాంలోని ఉద్యాన పరిశోధన స్థానంతో కలిపి ఇవన్నీ గుంటూరు చుట్టూ కొద్దిపాటి ప్రయాణంలోనే ఉన్నాయి. చిన్న రైతు నలుగురితో కలిసి కొనగలిగిన ధరలో, కరెంటు పెద్దగా అడగని ఆరబెట్టే పరికరం ఒకటి అందరూ కలిసి చేసి, ఇదిగో ఈ ఊళ్లో మూడు సీజన్లు నడిచింది చూడండి అని ఎందుకు చెప్పలేకపోతున్నారు?

లాం గుంటూరు పక్కనే, నాగార్జున విశ్వవిద్యాలయం ఉన్న నాగార్జున నగర్ కూడా గుంటూరు పక్కనే. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలై 1976లో సొంత విశ్వవిద్యాలయమైన నాగార్జున, ఈ ప్రాంత రైతుల, నేతవాళ్ల, కూలీల పిల్లల కోసమే వచ్చింది. అక్కడ అర్థశాస్త్రం ఉంది, సామాజిక శాస్త్రాలు ఉన్నాయి, వృక్ష, జంతు శాస్త్రాలు ఉన్నాయి. ఒంగోలులో దాని ప్రాంగణమే ఇప్పుడు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం. ప్రతి శీతాకాలం కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతకు ఇక్కడికి వలస వస్తాయి. చేల పక్కనే గుడారాలు వేసుకుంటాయి. మందు కొట్టిన మర్నాడే ఆ చెట్లలో ఆడవాళ్లు వంగి కాయ కోస్తారు. వాళ్ల చేతుల మంట, వాళ్ల పిల్లల ఆగిపోయిన చదువు ఎవరి పరిశోధనాంశం? మందు ఎంత మోతాదులో కాయ మీద మిగిలిందో కొలిచే శాస్త్రవేత్త, ఆ కాయ కోసిన చేతిని చూసే సామాజిక శాస్త్ర పరిశోధకుడు ఒకే చేలో ఒకే రోజు కలిసిన సందర్భం ఉంటే నాకు తెలియజేయండి, నేను రాస్తాను.

మా ఊరికీ పరిశోధకులు వస్తారు. ఏ విశ్వవిద్యాలయమో అనవసరం. ఒక ఏడు ఒక అమ్మాయి ఎనిమిది పేజీల ప్రశ్నావళితో వచ్చింది. మా పెదనాన్న గారింట్లో కూర్చుని ఎరువు బస్తా దగ్గర నుంచి వడ్డీ దాకా అన్నీ అడిగి రాసుకుంది. మంచి పిల్ల. నేల మట్టి కొంచెం, ఆకులు కొన్ని సంచుల్లో వేసుకుని వెళ్లింది. ఆ మట్టిలో ఏముందో, ఆ ఆకులకు ఏం జబ్బో మా వాళ్లకు ఇప్పటికీ తెలియదు. ఆమెను తప్పుపట్టను. ఫెలోషిప్ నెలల తరబడి ఆలస్యం, గైడ్ చెప్పినట్టు నడవాలి, స్కోపస్ పత్రిక కోసం పరుగెత్తాలి, కొన్ని పత్రికలకు డబ్బు కూడా కట్టాలి. ఇంటికి తిరిగొచ్చి ఫలితం చెప్పాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సింది ఎవరు? పేషెంటు రక్తం తీసుకుని రిపోర్టు ఇవ్వని ల్యాబును మీరు ఊరుకుంటారా?

ఈ పత్రాల పిచ్చి మీరొక్కరే పుట్టించింది కాదు. 2010లో యూజీసీ ఆచార్యుల పనిని అంకెల్లో కొలిచే ఏపీఐ మార్కులు పెట్టింది. 2016 నుంచి జాతీయ ర్యాంకుల్లో పత్రాలు, ఉల్లేఖనలు లెక్కకొచ్చాయి. ప్రమోషన్ అందులో ఇరుక్కుంది. కానీ 2022లో అదే యూజీసీ పీహెచ్‌డీ ఇవ్వడానికి ముందు పత్రం అచ్చయి తీరాలన్న షరతును తీసేసింది. మీ బోర్డుల్లో ఎంతమంది ఆ సందు వాడుకున్నారు? ఇంత చిన్న పనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదే: థీసిస్ సమర్పించేటప్పుడు నాలుగు పేజీల తెలుగు సారాంశం, సమాచారం ఇచ్చిన ఊరి రచ్చబండ దగ్గర దాన్ని చదివి వినిపించినట్టు పంచాయతీ సంతకం. అది లేకుండా వైవా జరపబోమని పాలక మండలి ఒక్క తీర్మానం చేస్తే ఎవరు అడ్డుకుంటారు? పనిచేయని ప్రయోగం ఫలితం కూడా అందులో రాయాలి. ఫలానా మందు పనిచేయలేదు, ఫలానా రకం ఈ నేలలో నిలవలేదు అన్న మాట పత్రికకు పనికిరాదు గానీ రైతుకు వెయ్యి రూపాయలు మిగులుస్తుంది.

ఈ మాట వింటే మీలో కొందరికి కోపం వస్తుంది. పరిశోధనకు స్వేచ్ఛ కావాలి, రేపటి అవసరం ఇవాళ కనిపించదు, ప్రతిదీ రైతుకు పనికిరావాలంటే మౌలిక శాస్త్రం చచ్చిపోతుంది అంటారు. అది నిజమే, నాకు అభ్యంతరం లేదు. వైరస్ జన్యువు చదివేవారు చదవాలి. ఎవరికీ పనికిరాదనిపించిన దాన్ని పదేళ్లు తవ్వేవారూ ఉండాలి. నేను అడిగేది అందరూ పొలానికి రమ్మని కాదు. మీరు రాసే పత్రాల్లో ఎన్నో, మౌలికమూ కాక, పొలానికీ పనికిరాక, ప్రమోషన్ ఫైలుకు మాత్రమే పనికొస్తున్న సంగతి మీకు తెలుసు. స్వేచ్ఛ పేరు వాటికి అడ్డం పెట్టకండి.

మీకు దారి చూపడానికి ఎక్కడివాళ్లనో తేనక్కర్లేదు. మీలో ఒక విశ్వవిద్యాలయానికి ఉన్న పేరు ఎవరిది? నిడుబ్రోలు రైతు బిడ్డ ఎన్.జి. రంగాది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి మద్రాసులో అర్థశాస్త్రం చెప్పిన ఆచార్యుడు 1920ల్లోనే డెల్టా పల్లెల ఆర్థిక పరిస్థితిని తిరిగి చూసి పుస్తకం రాశాడు. తర్వాత సొంత ఊళ్లోనే రైతులకు బడి పెట్టాడు. ఆయన రాజకీయాలతో మనకు పేచీ ఉండొచ్చు. అచ్చయిన పుస్తకం దగ్గర ఆగిపోని ఆచార్యుడు అన్నంత వరకు పేచీ లేదు. ఇంకొకరు యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టారు. మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు సారథ్యం వహించి, మొరటు పని అని చదువుకున్నవాళ్లు ముక్కు మూసుకునే తోళ్ల ఊనెలోకి శాస్త్రాన్ని తీసుకెళ్లారు. విశ్వవిద్యాలయం, పరిశోధనశాల, పరిశ్రమ మూడూ ఒకే ఆవరణలో మాట్లాడుకునేలా చేశారు. సీఎస్ఐఆర్‌కు అధిపతి అయ్యాక కరీంనగర్ జిల్లాలో దేశంలోని పలు ప్రయోగశాలలను ఒక జిల్లా అవసరాల చుట్టూ కూర్చోబెట్టే ప్రయత్నం చేశారు. అది పూర్తిగా ఫలించిందా లేదా అన్నది వేరే చర్చ. ఒక జిల్లాను మధ్యలో పెట్టుకుని సంస్థలన్నీ చుట్టూ కూర్చోవచ్చు అన్న ఊహ మన గుంటూరు వాడిది. ఆ ఊహ గుంటూరుకే ఎందుకు పనికిరాకుండా పోయింది?

గుంటూరులోనే రైతు సాధికార సంస్థ కార్యాలయం ఉంది. అక్కడి నుంచి నడిచే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. బ్రిటన్ నుంచి రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వచ్చి మన రాష్ట్ర పొలాల్లో దీని మీద ప్రయోగాలు చేసి పత్రాలు రాశారు. మీలోనూ కొందరు అధ్యయనాలు చేశారు. అయినా పల్నాడులో మిరప రైతు, సార్, ఈ కషాయాలతో మిరప వస్తుందా రాదా అని అడిగితే ఒక శాస్త్రవేత్త నవ్వేసి వదిలేస్తాడు, ఒక కార్యకర్త ప్రమాణం చేసి చెబుతాడు. నాకు ఏ పక్షమూ లేదు. పనికొస్తుందని తేలితే ఏ నేలలో, ఎంత దిగుబడికో చెప్పండి. పనికిరాదని తేలితే అదీ చెప్పండి, సర్కారుకు కోపం వచ్చినా సరే. మీకు శాశ్వత ఉద్యోగాలు ఇచ్చింది ఆ మాట చెప్పడానికి కాదా?

2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి యార్డు బయట రైతులు రోడ్డెక్కారు. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం ప్రకటించింది. రెండేళ్ల ముందు ఇరవై వేలు దాటిన సరుకు అది. ఆ ఇరవై వేలు చూసే చాలామంది ఎకరాలు పెంచారు. ధర, పురుగు, విత్తనం, కౌలు, ఎండబెట్టే నేల, కోత కూలి అన్నీ ఒకే సీజన్లో ఒకే మనిషి నెత్తిన పడతాయి. ఆ మనిషిని అన్ని వైపుల నుంచీ ఒకేసారి చూడగలిగే చదువులన్నీ మీ ప్రాంగణాల్లో ఉన్నాయి, గదికొకటి చొప్పున.

కాబట్టి నా అభ్యర్థన పెద్దది కాదు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో పత్తీ మిరపా రెండూ పండే ఐదు ఊళ్లు ఎంచుకోండి. ఎంపిక రైతులతో కలిసి చేయండి, కౌలు రైతులను వదలకండి. ఆ ఐదు ఊళ్లకు మాత్రం పంట వారీ, విశ్వవిద్యాలయం వారీ సరిహద్దులు లేవని పాలక మండళ్లన్నీ ఉమ్మడిగా తీర్మానించండి. కీటక శాస్త్రవేత్త, వైరస్ చదివేవారు, ఆరబెట్టే యంత్రం చేసేవారు, అర్థశాస్త్రం వారు, కూలీల ఆరోగ్యం చూసేవారు ఒకే రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు తెలుగులో ఉండాలి, ఊళ్లోనే ఉండాలి. అక్కడ మూడేళ్లు పనిచేసిన యువ శాస్త్రవేత్తకు, పత్రం వచ్చినా రాకపోయినా, ప్రమోషన్‌లో మార్కులు ఇవ్వండి. పేరు రాయాల్సి వస్తే ఆ రైతుల పేర్లూ వారి అంగీకారంతో రాయండి. కొత్త పురుగు ఎక్కడ కనిపించినా, బెంగళూరులో బొప్పాయి మీద కనిపించినా సరే, ఆ వారమే ఆ ఊళ్లకు కబురు రావాలి. డబ్బు లేదంటారేమో. ఎంఓయూ సభలకు, శాలువాలకు, మూడు నక్షత్రాల హోటళ్లలో సదస్సులకు ఉన్న డబ్బులో కొంత చాలు.

లాంలో జరిగే జోనల్ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశానికి ఏటా కొందరు రైతులను పిలిచి ముందు వరుసలో కూర్చోబెడతారు. ఈసారి ఈ ఐదు ఊళ్ల సంగతి ఆ సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా పెట్టండి. ఉద్యాన విశ్వవిద్యాలయం వారిని, నాగార్జున నగర్ వారిని, ఒంగోలు వారిని అతిథులుగా గాక బాధ్యులుగా పిలవండి. జూన్‌లో పత్తి గింజ పడుతుంది, జూలై, ఆగస్టుల్లో మిరప నారు పోస్తారు. దానికి ముందే తేదీ ఖాయం చేసి చెబితే మా వాళ్లు తమ లెక్కల పుస్తకాలు, మందుల బిల్లులు పట్టుకుని వస్తారు.

ఇట్లు,
పత్తి, మిరప అమ్మిన డబ్బుతో చదువుకున్న
మీ పౌరుడొకడు